కాగితం వెనకవైపు దారి

“మధ్యాహ్నం నువ్వు ఏం రాశావో కాస్త చదివి పెట్టమ్మా... అక్కడ అడిగితే నీకు బాగుండదని ఊరుకున్నాను.”

తల్లి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, మడతలు విప్పి ఆ దరఖాస్తును కూతురి కంచం పక్కన పెట్టింది. కూతురు ఎత్తిన ముద్దను కంచంలోనే పెట్టేసింది. ఈ కాగితాన్ని నగరపాలక కార్యాలయం కౌంటరులోంచి వెనక్కి పంపింది ఎవరో కాదు, తానే! బయటివాళ్ళకి పంపినట్టే, తలెత్తకుండా పంపింది.

వాళ్ళది టెంట్ హౌస్. తండ్రి పోయాక గుంజలూ తాళ్ళూ గుడ్డలూ అన్నీ తల్లే భుజాన వేసుకుంది. బడి గడప తొక్కని మనిషి, అడుగులతో స్థలం కొలిచి, రోడ్డు మీద ఎన్ని గుంజలు పడతాయో నోటి లెక్కన చెప్పేది. ఆ డేరాల కింద పెరిగి చదువుకున్న పిల్ల పరీక్ష నెగ్గి, చివరికి డేరాలకు పర్మిషన్ ఇచ్చే కౌంటరులోనే గుమాస్తా అయింది! అప్పుడు తల్లి పడిన ఆనందం అంతా ఇంతా కాదు. కానీ ఉద్యోగంలో చేరిన రోజే కూతురు ఒక మాట అంది. “అమ్మా, అక్కడ నన్ను పలకరించకు. డేరాలావిడ కూతురని నలుగురూ నవ్వుతారు.” ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే కదా! తల్లి మాత్రం, “అలాగేలే, ఆఫీసు మర్యాద ఆఫీసుదే,” అని నవ్వి ఊరుకుంది.

ఇన్నాళ్ళూ మేనమామే కాగితాలు తీసుకెళ్ళి పక్క కౌంటరులో ఇచ్చి వచ్చేవాడు. ఇవాళ ఆయనకు జ్వరం. పక్క కౌంటరు గుమాస్తా సెలవు. ఎల్లుండి టైలరు కూతురి పెళ్ళి! పాతికేళ్ళుగా తమ డేరాలకు చిరుగులు కుట్టిపెట్టిన టైలరు. ‘నీ పిల్ల పెళ్ళికి వీధి పొడవునా నీడ వేస్తాను’ అని తల్లి ఎప్పుడో మాట ఇచ్చింది. అందుకే తప్పక తనే వచ్చి వరసలో నిలబడింది.

అదే సమయానికి సూపరింటెండెంటు వచ్చి కూతురి భుజం వెనక నిలబడ్డాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆయన. వరసలోంచి తల్లి పొరపాటున చిన్నగా నవ్వింది. “మీకు తెలిసినావిడా?” అన్నాడాయన.

“లేదు సార్!” అనేసింది కూతురు. ఎంత తొందరగా అంది!

ఆ తర్వాత దరఖాస్తు మీది ప్లాను చూసింది. అది తల్లి గీసినది. డేరాకు ముందున్నవన్నీ కాగితం ముందు, వెనకున్నవన్నీ కాగితం వెనక గీయడం ఆమె పద్ధతి. ఆపద వస్తే జనం బయటపడే రెండో దారి ఎప్పుడూ వెనకవైపే ఉంటుంది. మేనమామ దాన్ని ఒకే వైపుకు ఎక్కించి ఇచ్చేవాడు. ఆ సంగతి కూతురికి తెలియనిది కాదు. కానీ కాగితం తిప్పితే, తిప్పాలని నీకెలా తెలుసని ఆయన అడిగితే...? తిప్పలేదు. ‘రెండో దారి చూపలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి, వెనక్కి ఇచ్చేసింది.

“చదవమ్మా,” అంది తల్లి మళ్ళీ.

“రెండో దారి... చూపలేదని...”

“వెనక ఉందిగా! చిన్నప్పుడు ఆ దారికి ఎర్రరంగు పూసేదానివి కూడానూ...” అని తల్లి ఠక్కున ఆగిపోయింది. ఆమెకు అర్థమైపోయింది. వేలు కాగితం కిందికి జరిపి, “కింద ఇంకో లైనుంది కదా. దాని పక్కన నీ సంతకం. అక్షరాలు రాకపోయినా నీ సంతకం నాకు తెలుసు. అది కూడా చదువు,” అంది.

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది కూతురికి. “దరఖాస్తుదారు... నాకు బంధువు కాదని... ధ్రువీకరిస్తున్నాను.”

తల్లి తిట్టలేదు. తిట్టినా బాగుండేది! “అలా రాయాలని రూలేమోలే,” అని కాగితం మడిచింది. “రేపు ఒకే వైపు గీసి తెస్తాను. నువ్వు తిను, అన్నం చల్లారిపోతోంది.”

మర్నాడు పొద్దున్నే తల్లి వరసలో మూడో మనిషి. కొత్త కాగితం మీద దారులన్నీ ఒకే వైపున ఇరుకు ఇరుకుగా గీసింది. పాతది కూడా కింద జతపరిచింది. “సరిచేసి తెచ్చానండీ మేడమ్,” అంది కళ్ళు దించుకుని.

మేడమ్! కన్నతల్లి నోట ఆ మాట! కూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది. వెనక బల్ల దగ్గరున్న సూపరింటెండెంటు వైపు తిరిగింది.

“సార్! ఈ ఫైలు నేను చూడకూడదు. ఈవిడ మా అమ్మ. నిన్న నేను సంతకం పెట్టింది అబద్ధం. రెండో దారి వెనకవైపు ఉంది. తెలిసే తిప్పలేదు సార్...”

ముందుగా గొల్లుమన్నది తల్లే!

“అయ్యయ్యో, కాదండీ! ఆ అమ్మాయి నాకేమీ కాదు! నన్ను చూసి జాలిపడి అంటోంది బాబూ... దాని ఉద్యోగం తీసెయ్యకండి!”

“అమ్మా! చాలే అమ్మా...” నిన్న తాను నామోషీతో కాదంది. ఇవాళ ఈ తల్లి తన కోసం కాదంటోంది! కూతురు కౌంటరు దాటి వచ్చి, అంతమంది ముందు తల్లి భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

సూపరింటెండెంటు పాత కాగితం తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. “తప్పు రాసివ్వు. మెమో తప్పదు, ఈ కౌంటరూ ఉండదు,” అని కూతురితో అన్నాడు. ఆ తర్వాత కుర్చీ జరుపుకుని ఆ ఫైలు తనే ముందేసుకున్నాడు. కూతురు అక్కడే నిలబడి తన తప్పు రాసిచ్చింది.

సాయంత్రం టైలరు వీధిలో గుంజలు లేస్తున్నాయి. కూతురు చెప్పులు విడిచి తల్లి పక్కన అడుగులు వేస్తూ వెనక దారి కొలుస్తోంది. రేపటినుంచి ఆమె కూర్చోబోయేది పాత ఫైళ్ళ గదిలో. అది తలుచుకుంటే ఇంకా ముఖం వేడెక్కుతోంది. తల్లి రవికలోంచి పర్మిషన్ కాగితం తీసింది.

“కింద ఆయనేదో తన చేత్తో రాశారు. చదివి పెట్టు.”

కూతురు చదివింది. “దరఖాస్తుదారు మా గుమాస్తాకు తల్లి. కనుక ఈ ఫైలు నేనే చూశాను.”

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తాడు పట్టుకున్న మనిషి ‘ఎంతవరకూ లాగాలమ్మా’ అని కేక వేస్తున్నా వినిపించుకోలేదు.

“ఆ లైను ఇంకోసారి చదవమ్మా,” అంది.