దొర చేన్ల మంటలు

బోథ్ పోయే తొవ్వల దొర చేను అని ఒకటుంది. పొద్దు గూకినంక అటు రమ్మంటే ఏ ఆటో అతను రాడు. తొలకరికి ముందు ఒక రాత్రి, మనిషి పురుగు లేని ఆ చేన్ల పొయ్యిలు మండుతయంటరు… నవ్వకుండ్రి. జర దగ్గరికి జరిగి ఇనుండ్రి. నేను ప్రభువును నమ్మినదాన్ని, దయ్యాలకు భయపడ. అయినా పొద్దు గూకినంక ఆ చేను దిక్కు నేను గూడ పోను.

ఆ దొర అమెరికా మిషనరీ. మా తాత ఆయనకు వంట చేసేటోడు, తాత చెప్పిన మాటిది. దొర వాళ్ల తాత బతకపోదామని ఓడెక్కి అమెరికాల దిగిండట. అక్కడి పాత జనాన్ని తుపాకులతో తరిమేసిన నేల ఆయనకు దొరికింది. మక్క పెడదామని దున్నితే, నాగలికి మసిబట్టిన రాళ్లు తగిలినయి… మూడేసి, మూడేసి.

ఆ రాత్రి నుంచి మక్కచేన్ల మంటలే!

ఆ మంటలు చూడలేకనే ఆయన మనుమడు, మన దొర, సముద్రం దాటి మన దిక్కు వచ్చిండు. ఇక్కడ సర్కారోళ్లు ఆయనకొక జాగ ఇచ్చిండ్రు. గోండుల గూడెం లేపేసిన జాగ అని ఎవరూ చెప్పలే. తొలకరి ముందు ఒక రాత్రి దొర కిటికీ తెరిచిండు…

"ఇక్కడ కూడానా?" అన్నడట మెల్లగ. ఆ చేన్ల నాగలి పెట్టనీయలే.

ఇగ మొన్నటి సంగతి. మా చెల్లె గ్రేస్ పెనిమిటి వెస్లీ. కరీంనగర్ దిక్కు వాళ్ల ఊరు ప్రాజెక్టుల మునిగింది. దొర పోయినంక ఈ చేను మా చర్చి సంఘానికి వచ్చింది, ఆ కమిటీ వెస్లీకి కౌలుకిచ్చింది. వాన పడకముందే దున్నకపోతే ఏడాదంత ఇంట్ల గింజ ఉండదు. పగలు ట్రాక్టర్ దొరకలే, అందరికీ అప్పుడే కావాలె.

"తమ్మీ, రాత్రిపూట వద్దురా," అన్న.

"నీ దయ్యాలకు డీజిల్ వాసన పడదు తియ్యి, వదినా!"

కొత్త చేను అంటే మనం ముందుగాల రాళ్లు ఏరుతం కదా. వెస్లీ గూడ సాయంత్రమే ఏరి, గట్టుకు కుప్పేసి వచ్చిండు. అవి పొయ్యి రాళ్లని ఆయనకు తెల్వలే.

చీకటి పడ్డంక ట్రాక్టర్ మలిపి లైటు వేసిండు—

గట్టు మీది రాళ్లు లేవు! చేన్ల ఎక్కడియక్కడ, మూడేసి… వాటి మీద మంటలు. మంటల చుట్టూ మనుషులు. సప్పుడు లేదు.

లైటు పడుడుతోనే అన్ని మంటలు ఒక్కసారి ఆరిపోయినయి.

"యేసయ్యా…" అనుకుంట వెస్లీ స్టీరింగు గట్టిగ పట్టుకున్నడు. చీకట్ల నుంచి ఒక ముసలామె లైటు ముందటికి వచ్చింది. మోదుగాకుల బువ్వ తెచ్చి టైరు ముందు పెట్టింది. తలెత్తి చూడలే.

వెస్లీ దున్నకుండనే వచ్చిండు. ఆ చేను ఇంకా బీడే. గ్రేస్ ఇంటికి బియ్యం నేనే పంపుతున్న. ఏమైందని చెల్లె ఎంత అడిగినా పెనిమిటి నోరు విప్పడు. ముసలామె ఏమన్నదో నాకొక్కదానికే చెప్పిండు. లైటు ముందట మోకాళ్ల మీద కూసొని, చేతులు జోడించి, గుసగుసగ అన్నదట…

"అయ్యా… ఈ చేనును పట్టిన దయ్యమా… మా పెద్దలకింత బువ్వ పెట్టుకొని తెల్లారకముందే పోతం. నీకు భయపడి మా పిల్లలను గూడ తేలే. ఈ ఒక్క రాత్రి మమ్మల్నేమనకు."

ట్రాక్టర్ మీద కూసున్న వెస్లీ గబుక్కున వెనుకకు తిరిగి చూసిండు.

వెనుక ఎవ్వరూ లేరు.