రత్నరాజు మార్టినీ-హెన్రీ

"దద్దోజనం ఉందా?"

"శుక్రవారమే అయిపోయింది."

కోడ్ సరిపోయింది. దద్దోజనం మాత్రం కౌంటర్ మీద గిన్నె నిండా కనిపిస్తూనే ఉంది. ఫజల్ ఆ సంగతి పట్టించుకోకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

1999 డిసెంబర్ 19, ఆదివారం. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుడి క్యాంటీన్. ఎదురుగా పులిహోర తింటున్న పెద్దమనిషి పేరు ద్వారకానాథ్. ఏ టెలిఫోన్ డైరెక్టరీలోనూ కనపడని డెస్క్ సెవెన్ అనే భారత రహస్య విభాగానికి సిడ్నీ చీఫ్. ఫజల్ ఆయన ఏజెంట్. ఆరు నెలలుగా పారమట్టాలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2000లో కంప్యూటర్ల తేదీలు తప్పకుండా చూసే వై-టూ-కే కాంట్రాక్టర్‌గా ఉద్యోగం వెలగబెడుతున్నాడు. గడ్డం నిజమైనదే. మారువేషమల్లా ఆ ప్రోగ్రామింగే.

"మీ కంపెనీ మన కరెంటు గ్రిడ్ కోసం రాసిన ప్యాచ్ ఉంది కదా. దాన్ని తెరిచే కీ పోయింది," అన్నాడు ద్వారకానాథ్ గొంతు తగ్గించి. "సన్న కాగితం మీద అరవై నాలుగు అక్షరాలు. శుక్రవారం మీ ఆఫీసు సేఫ్‌లోంచి మాయమైంది. ఆల్బట్రాస్ ముఠా పని. కీ వాళ్ళ చేతికి చిక్కితే జనవరి ఒకటిన మన ఆస్పత్రుల్లో లైట్లు వాళ్ళు వేయమంటే వెలుగుతాయి, ఆర్పమంటే ఆరిపోతాయి."

"సేఫ్ ఎవరు తెరిచిన్రు సార్?"

"రత్నరాజు కార్డుతో తెరిచారు."

ఫజల్‌కి నమ్మబుద్ధి కాలేదు. రత్నరాజుది భీమవరం. ఆఫీసులో ఫజల్ పక్క సీటు. ఫజల్ రాసిన దిక్కుమాలిన కోడ్‌ని ఎవరికీ చెప్పకుండా సరిచేసేవాడు.

"ఇవాళ పెండిల్ హిల్‌లో పాత రైఫిళ్ళ షో. సరుకు అక్కడే చేతులు మారుతుందని మనవాళ్ళు పట్టిన మెసేజ్‌లో ఉంది. రత్నరాజు ఒక ఆకుపచ్చ టోపీవాడికి కవరు అందిస్తాడని ఎల్సా చెప్పింది. మూడింటికల్లా కీ దొరక్కపోతే అతన్ని పోలీసులకి అప్పగిస్తాను."

ఎల్సా పాత తుపాకుల డీలర్. ఆల్బట్రాస్ దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ళ రహస్యాలు మనకి చేరవేసే డబుల్ ఏజెంట్. రెండు చోట్లా పనిచేసే మనిషి ఎప్పుడు ఎవరి పక్షాన ఉంటుందో ఫజల్‌కి ఏనాడూ అంతు చిక్కలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట. పెండిల్ హిల్ కమ్యూనిటీ హాలు. గుమ్మం దగ్గర సాసేజ్‌లు కాలుస్తున్న ఇద్దరు వాలంటీర్లు నిజానికి ఫజల్ మనుషులు. కాల్చడం రాక సగం మాడ్చేశారు. లోపల బల్లల మీద వందేళ్ళు దాటిన రైఫిళ్ళు. అన్నీ సింగిల్ షాట్. ఫజల్ కళ్ళకి ప్రతి టోపీ ఆకుపచ్చగానే కనిపిస్తోంది.

"వచ్చారా ఫజల్ గారూ, రండి రండి," అన్నాడు రత్నరాజు. అతని బల్ల మీద ఒకే ఒక్క రైఫిల్. మార్టినీ-హెన్రీ, 1886. ముందు కిందున్న లివర్ మీట దించి, గుండు ఉండే గది ఖాళీ అని చూపించి, అప్పుడు చేతికిచ్చాడు. అక్కడ అందరిదీ అదే పద్ధతి.

"చెక్క పట్టుకోండి, ఇనుము ముట్టుకోకండి. చెమటకి తుప్పు పడుతుందండి. దీంట్లో ఒక్కటే గుండు. రెండోది కావాలంటే మళ్ళీ చేత్తో పెట్టుకోవాలి. అందుకే దీన్ని పట్టుకున్నోడు పేల్చే ముందు ఆలోచిస్తాడండి."

"మరి ఎందుకు అమ్ముతున్నవ్ అన్నా?"

"క్రిస్మస్‌కి మా అత్తగారొస్తున్నారండి. ఇది పెట్టుకునే గది ఖాళీ చెయ్యమంది మా ఆవిడ మరియరాణి."

దొంగలు ఇలాగే మాట్లాడతారా? ఫజల్‌కి తన మీదే చిరాకేసింది. రత్నరాజు పక్కన వాళ్ళ మేనేజర్ వాసుదేవరావు నిలబడి ఉన్నాడు. ఆదివారం కూడా ఐడీ కార్డు మెడలోనే, కంప్యూటర్లు విప్పే సన్నటి స్క్రూడ్రైవర్ చొక్కా జేబులోనే. తుపాకులంటే తనకి భయమని ఆఫీసంతా చెప్పుకునే మనిషి.

"నిన్న రాజు ఇంటి పెరట్లో బార్బెక్యూ విందుకి వెళ్ళాను కదయ్యా, అప్పుడు పిలిచాడు. మొహమాటం," అన్నాడు వాసుదేవరావు, ఎవరూ అడక్కుండానే.

అంతలో ఎల్సా వచ్చింది. ఎర్ర టోపీ, నల్ల కళ్ళద్దాలు, చేతులకి తెల్లటి నూలు గ్లవ్స్. హాల్లో సగం మగాళ్ళు రైఫిళ్ళు వదిలేసి ఆమెనే చూస్తున్నారు. పక్క బల్ల మీది రైఫిల్‌ని తిప్పి చూసి పెదవి విరిచింది.

"సారీ, నాకొద్దు. ఈ స్క్రూ చూడండి, ఎవరో రాంగ్ స్క్రూడ్రైవర్ వాడారు. గాడి చెడిపోయింది. ఒక్క స్క్రూ పాడైనా నేను టచ్ చెయ్యను."

తర్వాత రత్నరాజు బల్ల దగ్గరికి వచ్చింది. అతను లివర్ దించి చూపించాడు. ఆమె మార్టినీ అందుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"బ్యూటిఫుల్. ఎవ్రీథింగ్ ఒరిజినల్. తీసుకుంటున్నాను."

కాగితాల మీద సంతకాలయ్యాయి. వెళ్తూ వెళ్తూ ఫజల్ చెవి దగ్గర, "గ్రీన్ హ్యాట్, బ్యాక్ డోర్. నీ ఫ్రెండ్ మీద కన్నెయ్యి," అని గొణిగింది. ఫజల్ వెనక తలుపు వైపు పరిగెత్తాడు. నిజంగానే ఒక ఆకుపచ్చ టోపీ ఉంది. దాని కింద ఎనభై ఏళ్ళ ముసలాయన లామింగ్టన్ కేకు తింటున్నాడు.

టైము రెండూ నలభై అయిదు. ఫజల్‌కి ఏదో తేడా కొట్టింది. ఇందాక ఎల్సా మార్టినీని తిప్పి చూసినప్పుడు, భుజానికి ఆనించే ఇనుప పలక స్క్రూ మీద ఏదో గీత తళుక్కుమంది. గబగబా వెనక్కి వచ్చాడు.

"అన్నా, నీ రైఫిల్ వెనక పలకకి ఉన్న స్క్రూ మీద కొత్త గీత ఎప్పటిది?"

"గీతా? నా తుపాకీకా?" రత్నరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను స్క్రూడ్రైవర్ని గాడికి సరిపడా అరగదీసి గానీ వాడనండి. మొన్నటిదాకా ఏ గీతా లేదు." ఆ స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్ పార్క్ వైపు పరుగందుకున్నాడు.

ఆ పరుగు చూశాక ఫజల్ గుండెల మీంచి బరువు దిగిపోయింది. సరుకు దాచినవాడు స్క్రూ మీది గీత కోసం అలా పరిగెత్తడు. మరి పక్క బల్ల దగ్గర ఒక్క స్క్రూకే మొహం తిప్పుకున్న ఎల్సా, ఈ స్క్రూని చూసి ఎవ్రీథింగ్ ఒరిజినల్ అని ఎందుకంది?

ఎల్సా కారు డిక్కీలో రైఫిల్ పెడుతోంది. అయిదింటికి ఆమె సింగపూర్ ఫ్లైటు.

"ఒక్క నిమిషం మేడమ్," అంటూ రత్నరాజు ఆమె చేతుల్లోంచి రైఫిల్ లాక్కున్నాడు. స్క్రూ చూసి గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడు. "అయ్యో, నాశనం చేశార్రా," అని సణుగుతూనే తన స్క్రూడ్రైవర్‌తో పలక విప్పాడు. చెక్కలో బోల్టు కోసం తొలిచిన రంధ్రంలోంచి కాగితం చుట్ట ఒకటి కింద పడింది.

ఎల్సా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ కోసం డిక్కీలోకి పోయింది. చిన్న పిస్టల్ సగం బయటికి వచ్చేసరికి ఫజల్ డిక్కీ తలుపు ఆమె మణికట్టు మీదకి వేశాడు. పిస్టల్ లోపలే జారిపోయింది.

"గ్లవ్స్ ఉన్నై కాబట్టి దెబ్బ తగ్గింది మేడమ్," అన్నాడు ఫజల్.

గేటు దగ్గర వాసుదేవరావు కారు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు. సాసేజ్‌ల వాలంటీర్లు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఫజల్ అతని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి చూశాడు. మొన ఒక పక్క విరిగి ఉంది. విరిగిన ముక్క 1886 నాటి గాడిలో ఇంకా మెరుస్తోంది.

"కార్డు కొట్టేసింది నువ్వు. నిన్న అందరూ పెరట్లో తింటుంటే రైఫిల్ విప్పింది నువ్వు. కంప్యూటర్ అనుకున్నవా సార్?"

వాసుదేవరావు తల దించుకున్నాడు. "ఒక్క స్క్రూయే కదా, ఎవరు చూస్తారనుకున్నాను," అన్నాడు.

రెండూ యాభై తొమ్మిది. ఫజల్ మొబైల్ తీశాడు.

"పోలీసు కారు బయల్దేరిందయ్యా," అన్నాడు ద్వారకానాథ్.

"రానివ్వండి సార్. ప్యాసింజర్లు మాత్రం మారిన్రు. ఇద్దరు. కీ నా దగ్గరుంది."

ఫోన్ పెట్టేసి చూస్తే, రత్నరాజు కార్ పార్క్ గట్టు మీద రైఫిల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తను జైలుకి ఒక్క నిమిషం దూరం దాకా వెళ్ళొచ్చానని అతనికి తెలీదు. ఫజల్ పక్కన కూర్చుని అంతా చెప్పాడు. రత్నరాజు శ్రద్ధగా విన్నాడు.

"అదంతా బానే ఉంది గానండి," అన్నాడు చివరికి, "ఇలాంటి స్క్రూ మళ్ళీ ఎక్కడ దొరుకుద్దండి?"

జనవరి రెండున ఢిల్లీకి వెళ్ళిన రిపోర్టులో ద్వారకానాథ్ అన్ని గళ్ళూ నింపాడు. గ్రిడ్: క్షేమం. ముఠా: అరెస్టు. మన వైపు నష్టం అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి రాశాడు: స్క్రూ, ఒకటి. బాధితుడు ఇంకా ఫోన్లు చేస్తున్నాడు.