పన్నెండో ఫ్రేములో నీడ

"మా ఆవిడ కనిపించడం లేదమ్మా," అన్నాడు వచ్చినాయన, కుర్చీలో కూర్చోకుండానే.

డిటెక్టివ్ మేడమ్ కలం మూత తీసింది. "ఎప్పటినుంచి?"

"ఈ పొద్దుటినుంచి. నిన్న సాయంత్రం నేను తాళం వేసేదాకా ఉంది." ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఆవిడ పోయి నాలుగేళ్లయింది."

పక్క బల్ల దగ్గర నోట్సు రాసుకుంటున్న గుమాస్తా చెయ్యి ఆగిపోయింది. ఈ గుమాస్తా మేడమ్ కంటే పదిహేనేళ్లు పెద్ద. ముప్పై ఏళ్లు కోర్టులో టైపు కొట్టి రిటైరై, ఆవిడ తెలివికి దాసోహమని వచ్చి చేరాడు. ఏ కేసులోనైనా ముందు కంటపడినవాడే నేరస్థుడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక్కసారి కూడా నిజం కాలేదు, అయినా మనిషి చెక్కు చెదరలేదు.

వచ్చినాయన ఒకప్పటి డ్రాయింగ్ టీచరు. ఇప్పుడు ఫోటోలు తీసే సరదా ఉన్నవాళ్లందరినీ పోగేసి ఒక క్లబ్బు నడుపుతున్నాడు. అక్కడ అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. రేపు ఆయన ఫోటోల ప్రదర్శన. మొత్తం పన్నెండు, అన్నీ భార్యవే. రాత్రికి రాత్రి ఎవరో ఫ్రేములు విప్పి, ప్రతి ఫోటోలోంచీ ఆవిడను కోసేసి, మిగిలిన ముక్కను మళ్లీ అద్దం వెనక బిగించి, ఏ మేకుది ఆ మేకుకే తగిలించి వెళ్లారు. బీరువాలోని పన్నెండు నెగటివ్‌లు కూడా లేవు.

"ఫ్రేములు పోతే పోయాయి. నెగటివ్‌లు కావాలి," అన్నాడు మాస్టారు. "అవి లేకపోతే ఆవిడ మొహం నాకింకెక్కడా లేదు. ఎవరో చెప్పండి చాలు, వాణ్ణి ఉతికి ఆరేస్తాను."

క్లబ్బు గది సైకిళ్ల రిపేరు షాపు పైన ఉంది. ఒక మూల నల్ల తెర కట్టిన డార్క్‌రూమ్, దారానికి వేలాడే క్లిప్పులు, ఫోటోలు కడిగే మందుల ముక్కు అదిరే పులుపు వాసన, బల్ల మీద పొడవాటి పిడి ఉన్న కాగితాల కట్టర్. మేడమ్ పన్నెండు ఫ్రేముల ముందూ తీరిగ్గా నిలబడింది.

"కసి ఉన్నవాడైతే బ్లేడుతో చీల్చి పారేసేవాడు కదండీ," అన్నాడు గుమాస్తా.

"ఇదీ కసే. కాకపోతే బాగా నిలవ ఉన్నది," అంది మేడమ్. "కోతలు చూడండి. గీత గీసినట్టున్నాయి. మిగిలిన ముక్క మళ్లీ ఒక మంచి ఫోటోలా ఉంది. కోసినవాళ్లు బాగా నేర్చుకున్నారు."

చివరి ఫ్రేములో ఒట్టి మెట్లున్నాయి. "ఇందులో ఆవిడ ఎక్కడుండేది?"

"మనిషి కనపడదమ్మా. మేడ మీద బట్టలారేస్తుంటే ఆవిడ నీడ మెట్ల మీద పడింది. చేతులు పైకెత్తి ఉన్న నీడ. ఆవిడ చివరి ఫోటో అదే. తర్వాత వారానికే పోయింది."

"అది ఆవిడ నీడని ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. చెప్పానేమో. గుర్తులేదు."

ఎదురు గోడ మీద ఇంకో ఫోటో ఉంది. కింద "అనవసరమైనది తీసేయడం: మాస్టారి పాఠం" అని చీటీ. ఎనిమిదేళ్ల పిల్లాడు భయపడుతూ, నవ్వుతూ సైకిల్ తొక్కుతున్నాడు. వాడి తెల్ల చొక్కాకు గళ్ల గుడ్డతో కుట్టిన జేబు. సీటు వెనక్కి వచ్చేసరికి నాలుగు వేళ్లు మాత్రం ఉన్నాయి. చెయ్యి లేదు, మనిషి లేదు.

"ఈ వేళ్లు ఎవరివి?" అని అడిగింది మేడమ్.

"ఎవరో పట్టుకున్నారు. దృష్టి అటు పోతోందని అందరి ముందూ కోసి చూపించాను. చూడండి, ఎంత మంచి ఫోటో అయిందో!" ఆ కాసేపు మాస్టారు తన బాధ కూడా మరిచిపోయాడు.

"కోసిన ముక్క?"

"ముక్క ఏముందమ్మా, చెత్తబుట్టలో పారేసుంటాను."

"ఫోటో ఎవరిది?"

"క్లబ్బులో ఎవరిదో. గుర్తులేదు."

గది తాళంచెవులు మాస్టారు కాక ఇంకో ముగ్గురి దగ్గరున్నాయి. మేడమ్ ముగ్గురినీ వాళ్ల షాపుల్లోనే కలిసింది. ముగ్గురినీ అడిగిన ప్రశ్న ఒక్కటే: పన్నెండో ఫోటోలో ఏముండేది?

"మెట్లు. వాటి మీద ఏదో చెట్టు నీడ," అన్నాడు మందుల షాపాయన. ఈయనకూ మాస్టారికీ క్లబ్బు అధ్యక్ష పదవి దగ్గర చెడింది. "ఆయనంటే నాకు పడదు, ఊరంతా తెలుసు. పడకపోతే మొహం మీదే చెబుతాను గానీ ఫోటోలు కొయ్యను."

గుమాస్తా ఆయన పేరు కింద రెండు గీతలు గీశాడు.

ఫ్రేముల షాపతను తల గోక్కున్నాడు. "కరెంటు స్తంభం నీడ కాదూ? నేను సైజు చూస్తానండీ, బొమ్మ చూడను. అయినా నేను విప్పుంటే మళ్లీ మేకులే కొడతాను. వెనక టేపు అంటించి పోయారట, అదేం పనండీ!"

గుమాస్తా గీతలు కొట్టేసి, ఇతని కింద గీశాడు. అతి తెలివి చూపిస్తున్నాడని ఆయన ఉద్దేశం.

మూడో మనిషి టైలరమ్మ. మిషను తొక్కుతూనే జవాబు చెప్పింది.

"నీడండీ. మాస్టారి భార్య బట్టలారేస్తున్న నీడ. చేతులు పైకెత్తి ఉంటుంది."

"మీరు క్లబ్బులో ఏం చేస్తారమ్మా?"

"మాస్టారు ప్రింట్లు వేసేటప్పుడు ట్రేల దగ్గర నిలబడతాను. ఎర్రలైటు కింద ఆయన చెప్పుకుంటూ పోతారు, నేను వింటాను."

ఆ మాటల మధ్య మేడమ్ చూపు ఒక మూల ఆగింది. అక్కడ ఇంకో మిషను ఉంది. దాని మీద గళ్ల గుడ్డతో కుట్టిన ముసుగు, ముసుగు మీద దుమ్ము.

"ఆ మిషను ఎవరిది?"

"మా చెల్లెలిది." టైలరమ్మ కాలు ఆగింది. "ఇప్పుడెవరూ తొక్కడం లేదు."

మధ్యాహ్నం మూడింటికి అందరూ క్లబ్బు గదిలో కూర్చున్నారు. మేడమ్ గోడ మీది సైకిల్ ఫోటో తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"పన్నెండు ఫోటోల్లోనూ పోయింది ఒక్క మనిషే," అంది. "పదకొండింటిలో ఆవిడ కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా కొయ్యొచ్చు. పన్నెండోదాంట్లో మనిషే లేదు. ఒకరికి చెట్టు, ఒకరికి స్తంభం. అది ఆవిడ నీడని తెలిసినవాళ్లే దాన్ని కోస్తారు. మాస్టారూ, మీరు డార్క్‌రూమ్‌లో చెప్పి మరిచిపోయారు. విన్నవాళ్లు మరిచిపోలేదు."

మాస్టారు ఉలిక్కిపడి టైలరమ్మ వైపు తిరిగాడు. "నువ్వా? చెయ్యి పట్టుకుని నేర్పించానే! నీకేం ద్రోహం చేశానమ్మా నేను?"

"ఇది," అంది మేడమ్ ఫోటో మీద వేలు పెట్టి. "ఈ పిల్లాడి జేబు గుడ్డ, వాళ్ల చెల్లెలి మిషను ముసుగు గుడ్డ ఒకటే. సీటు పట్టుకున్న వేళ్లు ఎవరివో ఆవిడే చెప్పాలి."

టైలరమ్మ ఏడవలేదు. అంతవరకూ ఒళ్లో పెట్టుకున్న సంచీని బల్ల మీద పెట్టింది.

"మా వాడికి పిన్ని సైకిల్ నేర్పుతోంది. ఆ ఆదివారం తీశాను. గురువారం మా చెల్లెలు బస్సు కింద పడి చనిపోయింది. నాకప్పుడు ఏమీ రాదు, నెగటివ్ తడి ఆరకుండానే కవర్లో పెడితే అంటుకుపోయింది. ప్రింటు ఒక్కటే మిగిలింది. ఎలా తీశానో చెబుతారని మాస్టారికి చూపించాను. ఆయన కట్టర్ కింద పెట్టి ఒక్క దెబ్బ వేశారు. ‘ఈవిడ అనవసరం’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నోరు తెరిచేలోపు ఆ ముక్కతో బల్ల మీద పడ్డ మందు తుడిచి పారేశారు."

మందుల షాపాయన తల దించుకున్నాడు. ఆ చప్పట్లలో ఆయనవీ ఉన్నాయి.

"ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు మాస్టారు. గొంతులో పొద్దుటి పౌరుషం లేదు.

"చెబితే అయ్యో అనేవారు. పాఠం అక్కడితో అయిపోయేది. అందుకే రెండేళ్లు మీ దగ్గరే నేర్చుకున్నాను. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, కట్టర్ ఎలా పట్టుకోవాలో, అన్నీ మీరు నేర్పినవే. ఎవరు చేశారో మీకు తెలియకపోతే నేను చేసినదానికి అర్థమే లేదు. అందుకే ఈ మేడమ్ వచ్చి నీడ గురించి అడిగితే దాచలేదు."

సంచీలోంచి ఒక కవరు తీసి ఆయన ముందుకు జరిపింది. మాస్టారు రెండు చేతులతో లాక్కుని లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"పదకొండే ఉన్నాయి."

"అవునండీ. మీరు పారేసింది ఒక్కటే కదా. నేనూ ఒక్కటే పారేశాను."

"ఎక్కడ?"

"చెత్తబుట్టలో. పొద్దున్నే బండి వచ్చి తీసుకుపోయింది."

"ఏ ఫోటోది?" ఆయన మళ్లీ కవరులోకి చూశాడు. "ఏదమ్మా అది?"

టైలరమ్మ సైకిల్ ఫోటో తీసుకుని, కింద చీటీ చింపేసి, ఫోటోను సంచీలో పెట్టుకుంది.

"గుర్తులేదండీ," అంది.

ఆవిడ మెట్లు దిగిపోతుంటే ఎవరూ ఆపలేదు. పోలీసులకు ఫోను చేయమంటారా అని గుమాస్తా గుసగుసగా అడిగాడు. మేడమ్ మాస్టారి వైపు చూసింది. ఆయన అడ్డంగా తలూపి కిటికీ దగ్గరికి వెళ్లాడు. నెగటివ్‌లు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూడసాగాడు. ప్రతిదాంట్లోనూ ఆవిడ ఉంది. ఒకదాంట్లో వంటగది గడప దగ్గర, ఒకదాంట్లో పుస్తకం మీద కునుకు తీస్తూ, ఒకదాంట్లో ఫోటో తీయొద్దని చెయ్యి అడ్డం పెట్టి. పదకొండూ అయ్యేసరికి ఆయన ఇంక వెతకలేదు.

వెనక్కి తిరిగి పన్నెండో ఫ్రేము ముందు నిలబడ్డాడు. ఎండపడిన ఒట్టి మెట్లు. ఎంతసేపు చూసినా వాటి మీద నీడ పడలేదు.