నలభై ఏడో పెట్టెలో వసకొమ్ము

ఉదయం 10.40. వైట్‌ఫీల్డ్‌లోని ఒక ప్రైవేటు వైద్య గ్రంథాలయం మెట్ల మీద ఏజెంట్ దామోదర్ చనిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఉంది. అతని ఫోన్ నుంచి చివరి మెసేజ్ 10.31కి వెళ్లింది. అందులో ఉన్నది ఒక్క సంఖ్య: 47.

అది ఇద్దరికి వెళ్లింది. ఒకరు నళిని, కేటలాగర్ వేషంలో అక్కడ పనిచేస్తున్న ఏజెంట్. ఇంకొకరు గీతాంజలి. పాత పుస్తకాలు బాగుచేస్తుంది, డిపార్ట్‌మెంట్‌కు ఇన్‌ఫార్మర్.

11.15కి చీఫ్ రాఘవేంద్ర నళినికి ఫోన్ చేశాడు.

"నిన్న విదేశీ ముఠా కొరియర్ దగ్గర్నుంచి దామోదర్ ఒక మెమరీ కార్డు కొట్టేశాడు. అందులో మన ఏజెంట్ల పేర్లున్నాయి, పదకొండు. ఇంకో కాపీ లేదు. నిన్న సాయంత్రమే ఆ లైబ్రరీ పుస్తకాల్లో దాచాడు."

"నా పేరుందా సార్?"

"ఉందన్నాడు. నువ్వు బానే ఉన్నావా?"

"పోలీసులు స్టాక్ రూం ఎప్పుడు వదులుతారు?"

వదల్లేదు. సిబ్బందినంతా వరండాలో కూర్చోబెట్టారు. పక్కనే అటెండర్ సావిత్రమ్మ, ఒళ్లో బుట్ట.

"నీళ్లన్నా తాగమ్మా. రాయి మాదిరి కూర్చోనుండావు."

"బుట్టలో ఏంటి?"

"పాత వసకొమ్ములు. బుక్కులకు పురుగు పట్టకుండా పెట్టెకొక మూట పెడతా కదా. ఒకటో తారీఖని పొద్దున్నే మార్చేసినా. ఇవి ఇంట్లో దోమలకు పొగేస్తా."

నళిని తలూపింది. వినలేదు.

4.10కి లోపలికి వదిలారు. నలభై ఏడో పెట్టెలో ఉండాల్సింది మూడు వందల ఏళ్ల నాటి జ్వర చికిత్స గ్రంథం. పెట్టెలో కొత్త వసకొమ్ము మూట ఒక్కటే ఉంది. ఫోన్ మోగింది.

"పుస్తకం నా దగ్గరే ఉంది. అట్ట చీల్చి చూశా. ఏం లేదు," అంది గీతాంజలి. "కార్డు నీ దగ్గరుందా డార్లింగ్?"

నళిని ట్రేసర్ ఆన్ చేసింది. లొకేషన్ దొరకడానికి తొంభై సెకన్లు పడుతుంది.

"దామోదర్‌ని నువ్వేనా?"

"నంబరు పంపాడు గానీ, కార్డు ఎక్కడో అడిగితే చెప్పలేదు. మీ ఇద్దరికీ మాటలు తక్కువ."

తొంభై రెండో సెకనుకు లైన్ కట్ అయింది. 4.35కి మహదేవపుర సిగ్నల్ దగ్గర గీతాంజలి కారు ఆపారు. ఒళ్లో పుస్తకం ఉంది. కార్డు లేదు.

నళిని కొత్త మూటను చేతిలోకి తీసుకుంది. పాతది ఎక్కడుందో అప్పుడు తట్టింది.

6.05. కాడుగోడి. సావిత్రమ్మ వాకిట్లో నిప్పుల కుండ రాజుకుంది. మూటలు అప్పుడే అందులో వేసింది. ప్రతి మూటకీ నంబరు చీటీ ఉంది. నళిని నిప్పుల్లో చెయ్యి పెట్టి 47 తీసింది. వసకొమ్ముకు చుట్టిన రేకులో కార్డు ఉంది.

"అయ్యో, చెయ్యి కాలిపోయుండాది కదమ్మా. నొప్పి లేదా?"

"తెలీలేదు," అంది నళిని.

7.20కి రాఘవేంద్ర కార్డు తెరిచాడు. పదకొండు కాదు, పది పేర్లే ఉన్నాయి. ఫైల్‌ను చివరిసారి మార్చింది ముందు రోజు సాయంత్రం 5.52కి, దామోదర్ లాప్‌టాప్ నుంచి. తీసేసిన పేరు నళినిది.