నాన్న చుక్కలు కొట్టిన కేపులు

పెరట్లో ఇనుము గచ్చు మీద పడ్డ చప్పుడు విని కనకమహాలక్ష్మి స్టవ్వు కట్టేసింది. పెనం మీద పెసరట్టు సగం కాలి అలాగే ఉండిపోయింది. ఊళ్ళో ఏ చప్పుడైనా పట్టించుకోదు గానీ, స్పానరు జారిన చప్పుడు మాత్రం ఆమెని పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుంది. సత్యారావుతో ఆమె కాపురమంతా ఆ చప్పుడుతోనే గడిచింది మరి.

ఆయన పోయి ఏడాదైంది. పెరట్లో ఆయన పాత జీపు కింద పడుకున్నది పెద్దకొడుకు పెదబాబు. తెల్లారకుండానే రావికమతం నుంచి తన జీపు వేసుకొచ్చి, దీని పక్కనే నిలబెట్టాడు. నల్లటి గేరాయిలు బేసిన్‌లోకి ధారగా కారుతోంది. వేరేవాళ్ళయితే ముక్కు మూసుకునే వాసన. ఆమె మాత్రం గుండెనిండా పీల్చుకుంది. రాత్రి భోజనానికి కూర్చున్న సత్యారావు చొక్కా దగ్గర ఆ వాసనే వచ్చేది.

నోట్లో బ్రష్షుతో బయటికొచ్చిన చిన్నకొడుకు శివాజీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏటి సేస్తన్నావన్నా?”

“కనపడతందిగా. నాన్న స్లిప్పు డిఫరెన్షియల్ నా జీపులోకి మారుస్తన్నాను. అమ్మకి సెప్పేను.”

“నాకు సెప్పలేదు.”

ఆ స్లిప్పు సత్యారావు ప్రాణం. మామూలు జీపుకి ఒక చక్రం బురదలో పడితే అదొక్కటే ఊరికే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. ఇదయితే గట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా బలం పంపిస్తుంది. శివాజీ కడుపులో ఉండగా, జోరువానలో దేవరాపల్లి దారంతా బళ్ళు దిగబడిపోతే, నొప్పులతో ఉన్న ఆమెని ఈ జీపే ఆస్పత్రికి చేర్చింది. “నా రెండు చక్రాలూ ఒకదాన్నొకటి వదిలెయ్యవే” అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవాడు మహానుభావుడు.

“నాన్న పోయి ఏడాదే అయింది, అప్పుడే బండి కడుపు కోసేస్తన్నావు” అన్నాడు శివాజీ. “నీకు పనికొచ్చే సామానే కావాలి. నాన్న అక్కర్లేదు.”

“ఇంజను పోయింది, చాసిస్ తుప్పట్టింది. దీన్ని ఇంకేటి సేస్తావురా? నా జీపు సెరుకు తోటల్లో దిగబడిపోతే కూలోళ్ళు దిగి తోస్తన్నారు.”

“నేనే రమ్మన్నానురా” అంది కనకమహాలక్ష్మి. “ఆ స్లిప్పయినా తిరిగినన్నాళ్ళు తిరగనీ. మీ నాన్నకి బండి ఊరికే పడుండడం నచ్చదు.”

శివాజీ మూతి ముడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆమె అలవాటు ప్రకారం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కిరసనాయిలు పళ్ళేల ముందు కూలబడింది. పాత జీపు సామాను ఒక పళ్ళెంలో, పెదబాబు జీపుది ఇంకో పళ్ళెంలో. ఎడమవైపువి ఎడమన, కుడివైపువి కుడిన. సత్యారావు నేర్పిన పద్ధతి అది, ఆయన పోయినా చేతుల్ని వదలలేదు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి పెదబాబు ఆ బరువైన స్లిప్పు ముద్దని తన జీపు వెనక ఇరుసు హౌసింగ్‌లో కూర్చోబెట్టి, రెండు వైపులా బేరింగుల మీద మూతల్లాంటి కేపులు బిగించాడు. తిప్పి చూస్తే కదల్లేదు. విప్పి, సందు సరిచేసే పల్చటి రేకులు మార్చి, మళ్ళీ బిగించాడు. మొరాయించిన ఎద్దులా అలాగే ఉంది.

“నాన్నకే ఇష్టం లేదు. ఇంకేటి తిరుగుతాది!” అన్నాడు అరుగు మీంచి శివాజీ.

పెదబాబు స్పానరు విసిరికొట్టాడు. “నోర్ముయ్యరా! నీకొక్కడికేనా నాన్న?”

అన్నదమ్ములు చొక్కాలు పట్టుకునేలా ఉన్నారు. కనకమహాలక్ష్మి చూపు మాత్రం పెదబాబు జీపు సామాను పళ్ళెం మీద నిలిచిపోయింది. ఆ జీపు కేపులు అందులోనే ఉన్నాయి, కడిగినవి కడిగినట్టే. మరి లోపల బిగించినవేవి? ఆమె వంగి టార్చి వేసింది. ఎడమ కేపు మీద ఒక చుక్క, కుడి దాని మీద రెండు. ఎప్పుడో విప్పేముందు తారుమారు కాకుండా సత్యారావు మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో కొట్టిన గుర్తులు.

“ఒరే పెదబాబూ, ఇవి నాన్న బండివి కదరా! కేపులూ హౌసింగూ ఫేక్టరీలో జతగా కలిపి కోస్తారు, ఒకదానివి ఇంకోదానికి పెడితే బేరింగుని నొక్కేస్తాయని ఆయన సెవినిల్లు కట్టుకుని సెప్పేడు. మర్సిపోయేవా?”

“మర్సిపోలేదమ్మా.”

“మరి?”

పెదబాబు నూనె చేతుల్ని తుడుచుకుంటూ ఎటో చూశాడు.

“ఇంట్లో తమ్ముడుంటన్నాడు. నాన్న కళ్ళజోడు, సెప్పులు, సామాను పెట్టె, అన్నీ ఇక్కడే. నా దగ్గర నాన్న సేతి గుర్తు ఒక్కటీ లేదమ్మా. ఈ సుక్కలైనా నా బండిలో ఉంటాయని... ఎలాగోలా పట్టేస్తాయనుకున్నాను.”

అంత మనిషీ చిన్నపిల్లాడిలా వెక్కాడు. ఏడాదంతా శివాజీ తానొక్కడే తండ్రిని పోగొట్టుకున్నట్టు తిరిగాడు. లేచి లోపలికెళ్ళి, సామాను పెట్టెలోంచి తండ్రి పంచ్, సుత్తి తెచ్చాడు.

“ఇవి నీ దగ్గరుంచు అన్నా. ఆ కేపులు నాన్న బండికే పెట్టేద్దాం. నీ వాటికి అమ్మ కొడతాది సుక్కలు.”

“నేనేట్రా! నాకేటి తెలుసు?”

“నాన్న సెయ్యి ఎలాగూ రాదు. నీ సెయ్యి ఉందిగా!”

ఇద్దరూ చెరోవైపు పట్టుకుంటే ఆమె కొట్టింది. చుక్క కాస్త పక్కకి పోయింది. అయినా పెదబాబు దాన్ని వేలితో తడిమి తడిమి చూసుకున్నాడు.

మళ్ళీ అంతా బిగించి చక్రాలు ఎక్కించేసరికి పొద్దు వాలింది. వెనక భాగం ఇంకా జాకీ మీదే ఉంది. శివాజీ తనవైపు చక్రాన్ని మెల్లగా తిప్పాడు.

“అన్నా, నీవైపు తిరుగుతందా?”

“తిరుగుతంది తమ్ముడూ. నీతో పాటే తిరుగుతంది.”

కనకమహాలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఏటమ్మా?” అన్నారిద్దరూ ఒక్కసారే.

“ఏటీ లేదురా. కిరసనాయిలు మండింది” అంది. పొద్దున సగం కాలిన పెసరట్టు తీసేసి, కొత్తది పొయ్యడానికి లోపలికి నడిచింది.