వెనక పిలుపు

“కానుగ పూసిందా?”

“పూసింది. కాయలో చేదే తగ్గలేదు.”

కోడ్ కుదిరింది. 2019 జూన్ పదిహేను, తెల్లవారుజాము, ఆమదాలవలస స్టేషన్. ఐసు వ్యాపారి వేషంలో ఉన్న సర్కారు ఏజెంట్ ఫిన్నీ పక్కకి స్వర్ణ వచ్చింది. ఇంకా తెల్లారకుండానే నల్లకళ్ళద్దాలు! ఏం చేస్తాం, డబుల్ ఏజెంట్ కదా. కొత్తవలస బ్లెండింగ్ డిపోలో కెమిస్టు. విదేశీ ముఠా జీతం తీసుకుంటూ, ముఠా గుట్టు ఫిన్నీకి చేరవేస్తోంది.

డీజిల్‌లో ఐదు శాతం బయోడీజిల్ కలపాలన్న సర్కారు నిబంధన నిలబడితే, బయటి చమురు అమ్మే ఆ ముఠాకి నష్టం.

“నాలుగు ట్యాంకర్లలో విషం కలిపారు,” అంది స్వర్ణ.

“మూడు పట్టుకున్నాం. నాలుగోది?”

“నరసన్నపేట బంకులో దిగిపోయింది. అక్కణ్ణించి మా ఊరి పడవలకి చేరింది.”

రెండు నెలల వేట నిషేధం ముందు రోజుతో సరి. పొద్దు పొడవగానే నలభై పడవలు ఒక్కసారే దిగుతాయి. మూడు నిమిషాలకి ఫిల్టర్లు మూసుకుపోయి, పెద్ద కెరటాల మధ్య ఇంజన్లు ఆగుతాయి. నింద బయోడీజిల్ మీద పడుతుంది, నిబంధన రద్దవుతుంది. ముఠా ప్లాన్ అదీ.

“ఫోన్ చెయ్యి.”

“వేటకెళ్ళే రోజు ఫోన్లన్నీ ఇళ్ళలోనే. మొదటి పడవ మా నాన్నది.”

ముఠా కొనిచ్చిన కారులో కూతురు ఊళ్ళోకొచ్చిన రోజే కూర్మయ్య ఒట్టు పెట్టుకున్నాడు: “దొంగసొమ్ము తిన్నదాని పిలుపుకి తిరిగి సూడను.” రెండేళ్ళయింది. నిజం చెప్పుకోనివ్వమని స్వర్ణ ఎంత బతిమాలినా ఫిన్నీ ఒప్పుకోలేదు. పర్మిషన్ కోసం చీఫ్ థామస్‌కి మూడు లెటర్లు మాత్రం రాశాడు.

కారు తీరం చేరేసరికి పడవలు నీళ్ళంచున ఉన్నాయి. ఫిన్నీ పెన్ను లాంటి టెస్టర్‌ని ఒక పడవలోని డీజిల్ డబ్బాలో ముంచాడు. ఎర్ర లైటు.

“ఆగండి! డీజిల్ కల్తీ!”

ఇంజన్ల హోరులో ఐసు వ్యాపారి మాట ఎవరికి పడుతుంది?

స్వర్ణ కళ్ళద్దాలు విసిరేసి, గుండెలు పగిలేలా అరిచింది. “నాయనా! ఎల్లకు!”

వేటకి బయల్దేరినవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగాకే మళ్ళీ కదలాలి. ఆడకూతురి కేక వినగానే ముప్పైతొమ్మిది పడవలూ ఆగిపోయాయి.

“పిలిసీసినాది! ఇంజన్లు ఆపండ్రా!” అన్నాడు పక్క పడవలోని ధనరాజు.

కూర్మయ్య పడవలోని ఇద్దరూ నీళ్ళలోకి దూకేశారు. కూర్మయ్య మాత్రం తిరిగి చూడలేదు. ఒంటరిగా ముందుకే పోయాడు.

మూడు నిమిషాలు. ఇంజన్ ఆగింది. కెరటం పడవని తిరగేసింది. ధనరాజు వాళ్ళు ఈదుకెళ్ళి తెచ్చేసరికి ముసలాయన ప్రాణం పోయింది.

“ఆ గొంతు నీదని ఎరిగే ఎల్లిపోనాడమ్మా,” అని ఏడ్చాడు ధనరాజు.

స్వర్ణ తండ్రి తల ఒళ్ళో పెట్టుకుంది. “ఒక్క మాట సెప్పనిచ్చుంటే తిరిగి సూసీవోడు బాబూ,” అంది ఫిన్నీతో. తప్పు తనదేనని అతనికి తెలుసు.

ముఠా దొరికింది. నిబంధన నిలిచింది. స్వర్ణ సంగతి తండ్రికి చెప్పవచ్చన్న పర్మిషన్ ఆ ఉదయం పదకొండింటికి వచ్చింది. ఆఫీసు లెక్కలో అది ఆలస్యం కాదు, కూర్మయ్యే కాస్త తొందరపడ్డాడు.