చేదు లేని మాత్ర

మాత్ర చేదుగా లేదు!

నోటి పుండ్లు మండుతుంటే మింగలేక, దాన్ని నాలుక మీదే ఉంచుకున్న మంగ గుండె ఝల్లుమంది. లూపస్ జబ్బు బయటపడ్డప్పటి నుంచీ వేసుకుంటున్న మాత్ర... ఎంత చేదో ఆమెకు తెలియదా! ఇది సుద్దముక్కలా కరిగిపోతోంది!

వాచిన వేళ్లతో ఆమె మాత్రల షీటు చించలేకపోయేది. రోజూ పొద్దున్నే భర్త కమలాకర్ మాత్ర తీసి అరచేతిలో పెట్టేవాడు. "మా ఇంటాయన చాయ్ గ్లాసు గూడ అందియ్యడు. నీది రాజభోగమే మంగా!" అని పక్క గదిలో ఉండే భూదేవి ఆటపట్టించేది.

మంచం పక్కన నేల మీద కూర్చుని అత్త సమ్మక్క తల బాదుకుంటోంది. "నేనే నిన్ను చంపుకుంటున్న బిడ్డా! కరోనా రావద్దని, ఒంట్ల తాకత్ పెరగాలని కషాయం పోస్తి..."

నిన్న ఫోన్లో డాక్టరు చెప్పిన మాటే సమ్మక్కను కుదిపేసింది. బయటి క్రిమి మీద మొదట దూకాల్సిన ఒంటి కావలి, మంగలో సొంత ఒంటి మీదే దూకుతోందట! కీళ్ల వాపు, నోటి మంట దానివేనట. అది కిడ్నీలకు పాకితే ప్రాణానికే ముప్పట. "దాన్ని అణచి ఉంచేది ఆ మాత్రే. మానేశారా?" అని అడిగాడు డాక్టరు. "లేదు సార్" అంది మంగ. ఈ జబ్బుకు ఎండ పడదని తెలిసీ ఎండలో బట్టలు ఆరేసిన పాపమేనేమో అని రాత్రంతా తననే తిట్టుకుంది...

కమలాకర్ లోపలికి వచ్చాడు. మంగ మాత్రను అరచేతిలోకి ఉమ్మి, చెయ్యి చాచింది.

"ఇదేంది?"

"నీ గోలీయే."

"అయితే నమిలి చూపియ్యి!"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీ అవ్వ తన కషాయమే నన్ను ముంచిందని ఏడుస్తున్నది. జర ఆమె మొకం చూసి చెప్పు!"

తల్లిని చూశాడు. జేబులోంచి సగం ఖాళీ అయిన షీటు తీసి భార్య ముందు పెట్టాడు.

"అవ్వా, ఏడ్వకు... నీ కషాయం ఏం చెయ్యలే. బట్టల కార్ఖానాల నా పక్క సాంచా మగ్గం నడిపే మొండయ్య కరోనాతోని పోయిండు. ఈ గోలీ ఏసుకుంటే కరోనా రాదని అందరన్నరు. ఏ మెడికల్ షాపుల దొరకలే. ఇంట్ల మంగయి ఉన్నయ్. ఆమెకు కాల్షియం గోలీలు పెట్టిన... నీ కోసం బతకాల్ననుకున్న మంగా అంటే, నువ్వు నమ్ముతవేమో. గాని అది అబద్ధం. నాకు సావంటే భయమైంది. అప్పుడు నువ్వు యాదికే రాలే. నీ గోలీలు నేనే మింగిన."